మంచినీళ్ళు తాగే బండి

నాయుడుపేటలో తిరపతి బస్సు కదలబోతోంది. మొదటి తిప్పుకే ఇంజను అందుకుందన్న సంతోషంతో డ్రైవరు దేవరాజులు గేరు మీద చెయ్యి వేశాడు. అప్పుడే కండక్టరు చిన్నబ్బ వెనకనుంచి కేక పెట్టాడు.

"నిలుపన్నా, నిలుపు! టాపు మీద కరువాడు ఉండాది!"

ఆ పక్క ఎండుచేపల్ని కరువాడంటారు. తాటాకు కప్పి, తాళ్ళతో బిగించి కట్టిన గంపలు టాపు మీద వరసగా ఉన్నాయి. వాటి మనిషి తాయమ్మ అప్పటికే లోపల చివరి బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. పులికాట్ ఒడ్డున సవుకుకుప్పం అనే చేపలపల్లె ఆమెది. చిత్తూరు సంతకు పోవాలంటే ఈ బస్సే దారి.

"టిక్కెట్టు కొట్టినావు గదబ్బా. గంపలకూ తీసుకున్నావు గదా," అంది తాయమ్మ.

"తీసుకున్నా. అప్పుడు గాలి అటు కొడతా ఉండె. ఇప్పుడు ఇటు తిరిగింది. కొండకు పొయ్యేవాళ్ళు ముక్కులు మూసుకుంటా ఉండారు, సూడు."

ముందు బెంచీలో ఒక పెద్దమనిషి ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఔనన్నట్టు తల ఊపాడు. చిన్నబ్బ నిచ్చెనెక్కి గంపల్ని ఒక్కొక్కటే కిందికి జారవిడిచాడు. ఒక గంప మూత ఊడిపోయి చేపలు దుమ్ములో పడ్డాయి.

తాయమ్మ దిగింది. ఎవరితోనూ పోట్లాడలేదు. దుమ్ములో గొంతుక్కూర్చుని ఒక్కో చేపనూ కొంగుతో తుడిచి గంపలో పేర్చసాగింది. పేర్చుతూ ఒకసారి తల ఎత్తి డ్రైవరు వైపు చూసింది.

దేవరాజులు చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. బస్సు ఓనరుది. ఎవరు ఎక్కాలో ఎవరు దిగాలో చెప్పేది కండక్టరు. తను తోలేవాడు మాత్రమే. అతను గేరు వేశాడు. శ్రీకాళహస్తి వచ్చేదాకా ఆ చూపు అతని వెంటే వచ్చింది. ఆ చూపులో కోపముంటే తేలిగ్గా ఉండేది. కోపం లేదు. సంతలో ఎద్దును చూసే మనిషి చూసినట్టు, పళ్ళూ గిట్టలూ లెక్క చూసుకున్నట్టు చూసింది.

వారం తిరగకముందే ఆమె తిరపతిలో అతని ఇంటికి వచ్చింది. వెంట ఆడబిడ్డ కుప్పమ్మ. ఆ పొద్దు దేవరాజులుకు సెలవు. వాకిట్లో కూర్చుని చెప్పుకు మేకు కొట్టుకుంటున్నాడు. భార్య మునిరత్నమ్మ రోటి దగ్గర పిండి రుబ్బుతోంది. తాయమ్మ చిన్న ఆకు పొట్లం తీసి ఆమె పక్కన పెట్టింది.

"ఎండు రొయ్యలు తల్లీ. వంకాయలో వేసి సూడు."

"బస్సులో తెచ్చినావా అక్కా?" అన్నాడు దేవరాజులు. అని, ఎందుకన్నానా అనుకున్నాడు.

"తెచ్చినా. గంప లేదు గదా, చిన్నబ్బే చెయ్యిచ్చి ఎక్కించినాడు. మర్యాదస్తుడు."

మునిరత్నమ్మకు ఆకు పొట్లం కంటే ముందు ఇంకొకటి కనిపించింది. వచ్చిన ఇద్దరి చెవుల్లోనూ కమ్మలుండాల్సిన చోట వేపపుల్లలు ఉన్నాయి.

"నువ్వు మిలిటరీలో బండి తోలినావంట గదా నాయనా," అంది తాయమ్మ.

"తోలినాను. మణిపూరు కాడ. యుద్ధం అయిపోయినాక పోయినేడు వచ్చేసినాను."

"అయితే మా కుప్పానికి ఒక బండి సూసి పెట్టాల. ఆడోళ్ళమంతా కలిసినాం. మా గంపలు మేమే తీసుకుపోతాం. గాలి యాడికి తిరిగినా అడిగేవాడు ఉండడు."

దేవరాజులు మేకు కొట్టడం ఆపాడు. "చిత్తూరు జిల్లా అంతా డ్రైవర్లే. నన్నే ఎందుకు అడగతా ఉండావక్కా? ఆ పొద్దు నేను..."

"ఆ పొద్దు నువ్వు చక్రం వదల్లేదు. గంప పడినా వదల్లేదు, చేప పడినా వదల్లేదు. మాకు చక్రం వదలనోడే కావాల."

మునిరత్నమ్మ మొహం రోటి వైపు తిప్పుకుంది. ఆమె భుజాలు నవ్వుతో కదలడం దేవరాజులుకు కనిపించింది.

"కొనేది పెద్ద పని గాదు నాయనా, అది నిలబడేది పెద్ద పని," అంది కుప్పమ్మ మొదటిసారి నోరు తెరిచి. "మా కాడ ఇనుము నిలబడదు. తలుపుకు గొళ్ళెం పెడితే రెండు వానలు సూడదు. ఊడబెరికి తోలుముక్క కట్టుకుంటాం. గాలే ఉప్పు."

"అందుకని, ఏ కంపెనీ బండి తుప్పు పట్టదో అది సెప్పు," అంది తాయమ్మ. "అది కుళ్ళిపోయిందంటే మళ్ళీ చిన్నబ్బ కాడికే పోవాల. ఇంకొకటి కొనేదానికి మా చెవుల్లో పుల్లలే మిగిలుండేది."

"షెవర్లెట్టు," అన్నాడు దేవరాజులు, ఊపిరి తీసుకోకుండా.

"ఎంత బిరీన సెప్పేసినాడమ్మా!" అంది మునిరత్నమ్మ. "నన్ను సూసిపోయినాక సరే అనేదానికి ఆరు నెలలు పట్టింది ఈ మనిషికి."

దేవరాజులూ తాయమ్మా కుప్పమ్మా పాకాల మీదుగా రైల్లో చిత్తూరు చేరేసరికి ఎండ ముదిరింది. గురప్ప రిపేరు షెడ్డులో నిలువునా నూనె పూసుకుని కూర్చుని ఉన్నాడు. గురప్పా దేవరాజులూ మిలిటరీలో ఒకే కంపెనీలో పనిచేసి వచ్చారు. ఒకే గుడారంలో పడుకున్నారు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ ఎప్పుడూ పొత్తు కుదరలేదు.

"ఫోర్డు," అన్నాడు గురప్ప, సంగతి సగం వినకుండానే.

"నువ్వు ఇంకా మారలేదంట్రా?"

"నేనెందుకు మారాల? ఇంఫాలు దారిలో బురద ఇంజను దాకా వచ్చినప్పుడు నన్ను గట్టున పడేసింది ఏది? మా ఫోర్డే గదా! కొట్టంలో ఎద్దు అరిసినట్టు ఒక్క అరుపు అరిసింది, బయట పడింది."

"అదే బురదలో నా షెవర్లెట్టు మన సుబేదారును, ఆయన మంచాన్ని, మంచం కింద కోళ్ళను గూడా లాక్కొచ్చింది. కోడి ఒక్కటి రెక్క తడుపుకోలేదు."

"కోళ్ళ బండికీ ఫోర్డుకూ పోలికంట్రా?"

తాయమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "బురద సంగతి నాకెందుకు నాయనా? ఉప్పు సంగతి సెప్పండి."

 మణిపూరులో ఉప్పు రేషనుగా తినడానికి ఇచ్చారే తప్ప, దాని మీద బండి తోలే అవసరం ఇద్దరికీ రాలేదు.

యుద్ధంలో మిగిలిపోయిన బండ్లను వేలంలో పాడి తెచ్చి అమ్మే మునస్వామికి వేలూరు రోడ్డులో ఒక షెడ్డు ఉంది. గురప్ప వాళ్ళను అక్కడికి తీసుకుపోయాడు. పొట్టి మనిషి, నిండు బొట్టు. పికప్పులని మిలిటరీ వాళ్ళు పిలిచే చిన్న లారీలు ఆ షెడ్డులో మూడు మిగిలాయి. ఒకటి షెవర్లెట్టు, ఒకటి ఫోర్డు, ఒకటి డాడ్జి. మూడింటికీ ఒకే పచ్చరంగు కొత్తగా కొట్టించాడు. వాసన ఇంకా పోలేదు.

"పెండ్లికూతుర్లు మాదిరి ఉండాయి," అన్నాడు మునస్వామి. "కండ్లు మూసుకుని ఒకటి తోలుకుపోండి."

"కండ్లు మూసుకునేదానికి ఇంత దూరం వచ్చినామా?" అని దేవరాజులు గోనెసంచి పరుచుకుని షెవర్లెట్టు కిందికి దూరాడు.

అతని పద్ధతి అతనిది. పైరంగు వైపు చూడడు. చిన్న సుత్తితో ఛాసీ అనే కింది చట్రం పొడుగునా కొట్టుకుంటూ పోతాడు. గట్టి ఇనుము గంట మాదిరి పలుకుతుంది. తుప్పు తిన్న ఇనుము చెక్క మాదిరి పలుకుతుంది. ఆ తరువాత మేకుతో కమ్మీల మూలల్లో గీకి, అందులో ఏమి దాగి ఉందో అరచేతిలో పోసుకుని చూస్తాడు. తన షెవర్లెట్టు కింద పడుకుని అతను చాలాసేపు కొట్టాడు. గంట రెండు మూడు చోట్ల మూగబోయింది. మూలల్లోనుంచి రాలిన ఇసుకలో సన్నటి గుల్లపెంకులు మెరిశాయి.

బయటికి వచ్చి అరచెయ్యి చూపించాడు. గొంతులో ఉషారు తగ్గింది.

"ఇది సముద్రం ఒడ్డున ఉండి వచ్చిన బండి. బండిది తప్పు గాదు. ఆడ పెట్టినోళ్ళది."

"ఉండు, నేను సూస్తా," అంది తాయమ్మ. కుప్పంలో చేపకు ఉప్పు చాలిందా లేదా అని తేల్చేది ఆమె నాలుకే. ఆమె వేలితో తాకి నాలుకకు అద్దుకుని సరే అంటేనే చేప ఎండకు పోతుంది. ఆ వేలితోనే ఛాసీని రుద్ది నాలుక మీద పెట్టుకుంది. "ఉప్పు!" అంది.

దేవరాజులుకు ఎంతో నమ్మకం కలిగింది. తను సుత్తితో తేల్చింది ఆమె నాలుకతో తేల్చింది.

ఫోర్డు కింద గురప్ప దూరాడు. మూలల్లో ఎర్రమట్టి గడ్డలు గడ్డలుగా రాలింది. "అస్సాము మట్టి," అన్నాడు ప్రేమగా, చుట్టాన్ని చూసినట్టు. కానీ ఆ మట్టి తడిని పట్టుకుని కూర్చున్న చోట ఇనుము పొరలు లేచింది. "కడగకుండా పెట్టినారు పాపాత్ములు," అన్నాడు. తాయమ్మ వంగి రుద్ది చూసింది. "దీనికీ ఉప్పే."

"ఉప్పెందుకు ఉంటాదమ్మా? అది కొండల్లో తిరిగిన బండి!" అన్నాడు మునస్వామి.

తాయమ్మ జవాబు చెప్పకుండా డాడ్జి దగ్గరికి పోయింది. రుద్దింది. నాలుకకు అద్దింది. "ఇదీ ఉప్పే."

మునస్వామి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అయ్యో అమ్మా! ఇది సముద్రం మొగం సూడలేదు. బెంగుళూరులో సోల్జర్లకు రొట్టెలు మోసింది, రొట్టెలు!"

"రొట్టెలో ఉప్పెయ్యరా?"

"వేస్తే మాత్రం ఛాసీలో వేస్తారా?"

తాయమ్మకు కూడా అనుమానం వచ్చింది. షెడ్డు గేటును రుద్ది నాలుకకు పెట్టుకుంది. "నీ గేటు గూడా ఉప్పే సామీ."

"ఆ గేటు మా నాయన పెట్టించినాడు. పుట్టినకాణ్ణించి చిత్తూరు దాటి పోలేదది!"

దేవరాజులు ఆమె వేలి వైపు చూశాడు. తరువాత మెల్లగా, "అక్కా, దేన్నీ తాకకుండా నీ వేలు ఊరికే నాలిక మీద పెట్టుకో," అన్నాడు.

తాయమ్మ పెట్టుకుంది. అలాగే నిలబడిపోయింది. సంగతి అర్థమై కుప్పమ్మ తన వేలు నోట్లో పెట్టుకుని చూసి, "వదినా, నాదీ ఉప్పే!" అని అరిచి, గేటు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మునస్వామి నవ్వాడు. గురప్ప అయితే ఫోర్డు మెట్టు మీద కూలబడి నవ్వాడు. తాయమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. కండ్లు తుడుచుకుంటూ వేలిని ఎండలో పెట్టి తిప్పి చూసుకుంది.

"ఎన్నేండ్ల ఉప్పో ఇది," అంది. "తోముకుంటే పొయ్యేది గాదు. ఊరిపోయినాను, సేప మాదిరి."

ఆ తరువాత నాలుక పని దేవరాజులు, గురప్ప తీసుకున్నారు. ఇద్దరు గడ్డాల మగవాళ్ళు లారీలను వరసగా నాకుతుంటే రోడ్డున పోయే జట్కావాడు గుర్రాన్ని నిలిపి చూశాడు. డాడ్జి ఛాసీకి గ్రీజు రుచి తప్ప ఇంకే రుచీ లేదు. సుత్తికి ఈ చివరినుంచి ఆ చివరిదాకా గంట మోగింది. నేల చెక్కల సందుల్లో పాత పిండి గట్టిపడి ఉంది. దాని కోసం చీమలు ఇంకా బారులు తీరి తిరుగుతున్నాయి.

"చీమలు సాక్ష్యం సెప్తా ఉండాయి సూడండి," అన్నాడు మునస్వామి.

షెవర్లెట్టు మనిషీ ఫోర్డు మనిషీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీది గెలవలేదు," అన్నాడు గురప్ప.

"నీదీ గెలవలేదు," అన్నాడు దేవరాజులు. యుద్ధంలో కుదరని పొత్తు అక్కడ కుదిరింది.

కొంగు ముడి విప్పబోతున్న తాయమ్మను గురప్పే ఆపాడు. "అమ్మా, ఒక మాట. ఈ పొద్దు దీనికి తుప్పు లేదు, నిజమే. నీ గంపల్లోనించి ఉప్పునీళ్ళు కారే రోజునించి ఏ కంపెనీదైనా ఒకటే. పేరు సూసి తుప్పు ఆగదు. ట్రిప్పుకు ఒకసారి కింద, మూలమూలకూ మంచినీళ్ళు కొట్టి కడగాల. అట్ల కడిగితే మీ మనవళ్ళు గూడా తోలుకుంటారు. కడక్కపోతే మీరు సెప్పిన గొళ్ళెం గతే."

తాయమ్మ చెయ్యి ముడి మీదే ఆగింది.

"మంచినీళ్ళా?"

"చెరువునీళ్ళయినా సరే. ఉప్పుండకూడదు."

 సవుకుకుప్పానికి మూడు పక్కలా నీళ్ళే, నోట్లో పోసుకునేవి ఒక చుక్క లేవు. తెల్లవారకముందు ఆడవాళ్ళు ఇసుకదారిన సరుగుడు చెట్ల సవుకుతోపు దాటి పోయి, చెలమల్లో ఊరే నీటిని చిప్పతో తోడి కడవకు పోసుకుని వస్తారు. ఇంటికొక కడవ. బిడ్డ కాలు కడగాలన్నా ఆలోచించాలి.

"అయితే వద్దులే నాయనా," అంది తాయమ్మ ముడిని మళ్ళీ బిగించి. గొంతు మామూలుగానే ఉంది. "బండి నీళ్ళు తాగతాదంటే మా బిడ్డల నీళ్ళు తాగినట్టే గదా. చిన్నబ్బ కాళ్ళే పట్టుకుంటాం."

మునస్వామి బేరం చేజారుతోందని బండి చుట్టూ తిరిగాడు. ధర తగ్గిస్తానన్నాడు. టైరు ఒకటి అదనంగా ఇస్తానన్నాడు. తాయమ్మ వినడం లేదు. షెడ్డు మూల వైపు చూస్తోంది. అక్కడ ఖాళీ డ్రమ్ములు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

"దేవరాజులూ, సంతలో గంపలు దించేసినాక బండి ఖాళీగానే గదా తిరిగి వచ్చేది?"

"ఖాళీగానే అక్కా."

"దారిలో సువర్ణముఖి ఏరు తగలతాది గదా?"

దేవరాజులు ముందు ఆమెను చూశాడు, తరువాత డ్రమ్ములను చూశాడు. "కాళాస్తి కాడ ఇసకలో మూరెడు తవ్వితే చాలక్కా. కొబ్బరినీళ్ళ మాదిరి ఉంటాయి."

"టైరు వద్దు సామీ," అంది తాయమ్మ. "ఆ పీపాలు ఇయ్యి. నూనె వాసన లేకుండా సున్నంతో తోమించి ఇయ్యి."

మరుసటి రోజు పొద్దున నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, డాడ్జిని షెడ్డులోనుంచి బయటికి తెచ్చారు. దారిలో తిరపతిలో ఆగి బస్సు ఓనరును అడిగి, దేవరాజులు బండిని కుప్పంలో దించి రావడానికి మాత్రమే సెలవు తీసుకున్నాడు. తాయమ్మ, కుప్పమ్మ అతని పక్కన కూర్చున్నారు. శ్రీకాళహస్తి దగ్గర ఇసుక తవ్వి, బట్టతో వడగట్టి, పీపాలు నింపేసరికి మధ్యాహ్నమైంది.

అక్కడినుంచి కొంత దూరం పోయాక రోడ్డు పక్కన తిరపతి బస్సు నిలబడి ఉంది. రేడియేటరు మూతి దగ్గర తెల్లగా ఆవిరి లేస్తోంది. ప్రయాణికులు తుమ్మచెట్ల కింద చెదిరి కూర్చున్నారు. చిన్నబ్బ ఖాళీ డబ్బా పట్టుకుని రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. దగ్గరికి వచ్చిన బండిలో ఎవరున్నారో చూశాక ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

"నీళ్ళుండాయా అన్నా?" అన్నాడు దేవరాజులుతో.

"బండి నాది గాదబ్బా. మా ఓనరమ్మ నడుగు."

చిన్నబ్బ తాయమ్మ ఉన్న వైపుకు తిరిగి వచ్చాడు. "అక్కా..."

తాయమ్మ తల బయటికి పెట్టి గాలి వాసన చూసింది. "గాలి ఎటు కొడతా ఉండాది సూసినావా చిన్నబ్బా?"

"ఎటు కొడితే ఏముందిలే అక్కా!"

"మా చేతి నీళ్ళు తాగితే బస్సుకు మైల అంటదు గదా?"

చెట్టు కింద ఎవరో పకపకా నవ్వారు. చిన్నబ్బ కూడా, ఎర్రబడిన మొహంతోనే, నవ్వాడు. తాయమ్మ దిగి, పీపా మూత తీసి, తనే డబ్బా నిండా ముంచి ఇచ్చింది. నేలమీద ఒలకబోతే, "సూసుకో, సూసుకో! చుక్క విలువ నీకేం తెలుసు!" అని గదిమింది. రేడియేటరు చల్లబడింది.

"ఎప్పుడొస్తా ఉండావన్నా పనిలోకి?" అన్నాడు చిన్నబ్బ పోబోతూ. "కొత్త డ్రైవరు గుంటలన్నీ లెక్కపెట్టుకుంటా తోలతా ఉండాడు."

దేవరాజులు చేతులు స్టీరింగు మీద ఉన్నాయి. పక్కకు చూశాడు. తాయమ్మ రోడ్డు వైపే చూస్తోంది. ఏమీ అడగలేదు.

"ఓనరుకు నేనే చెప్పుకుంటాలే," అన్నాడు దేవరాజులు. "నాకు వేరే బండి కుదిరింది." గేరు వేశాడు.

కుప్పం చేరేసరికి వెలుగు ఇంకా ఉంది. ఇసుకలో బండి దిగబడకుండా ఆడవాళ్ళు సవుకు మండలు పరిచి ఉంచారు. బండిని చూడడానికి వచ్చినవాళ్ళు పీపాలను చూసి కడవల కోసం వెనక్కి పరిగెత్తారు. ముందు ఎవరికి అన్న గొడవ మొదలైంది.

"ముందు బండికి!" అంది తాయమ్మ. "మిగిలింది మనకు. ఈ వరస తప్పితే ఊరుకొనేది లేదు."

దేవరాజులు బండి కింద పడుకుని మూలమూలకూ చెంబుతో కొట్టి చూపించాడు. అతనితో పాటు ఇద్దరు ఆడవాళ్ళు దూరి, కడవలు తోమే కొబ్బరిపీచుతో రుద్దారు. కింద కారిన నీళ్ళు కూడా వృథా పోకూడదని కుప్పమ్మ తన ఇంటి ముందరి మునగచెట్టు దాకా కాలువ తీసింది. ఆ తరువాత కడవలు వరసగా నిండాయి. ఒక ముసలామె దోసెడు తాగి, "తీపి!" అని మరొక దోసెడు పట్టింది.

అంతా అయ్యాక దేవరాజులు తడి ఛాసీని వేలితో రుద్ది నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఏముండాది?" అంది తాయమ్మ.

"ఏమీ లేదు. ఒట్టి నీళ్ళు."

ఆమెకు నమ్మకం కుదరలేదు. వంగి తనూ రుద్దింది, నాలుకకు అద్దుకుంది. కనుబొమలు ముడిచింది. దేవరాజులుకు భయం వేసింది.

"ఉప్పా అక్కా?"

"ఉప్పే," అంది తాయమ్మ. వేలు చీరకు తుడుచుకుని నవ్వింది. "బండిది గాదులే నాయనా. నాది."